అటకెక్కిన వీణ

మొన్న ధర్మవరంలో చుట్టాల పెళ్లికి పోయినాం. భోజనాల దగ్గర మా ఆయన వైపు పెద్దమ్మ ఒకావిడ పక్కన కూర్చుంది. పిల్లల చదువుల మాటొచ్చింది. "చిన్నది గిటార్ నేర్చుకుంటోంది పెద్దమ్మా, రెండేళ్లయింది" అన్నాను కాస్త గొప్పగానే. ఆమె ఓళిగ తుంచుకుంటూ, "మంచి పని చేసినావు మే. రేపు సంబంధాలు చూసేటప్పుడు పనికొస్తాది" అంది.

ఆమెది చెడ్డ మనసు కాదు. నా మంచి కోరే అంది. కానీ నోట్లో పెట్టుకున్న ముద్ద అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట, ఇదే జిల్లాలో, ముప్పై ఏళ్ల కిందట మా నాయనతో ఎవరో అన్నారు. అప్పుడది వీణ గురించి.

నా వీణ కథ ముందు చెప్పేస్తాను. పెద్ద కథేం కాదు, మీ ఇళ్లలో కూడా ఉండే ఉంటుంది. నాయన జిల్లా పరిషత్ బడిలో తెలుగు పంతులు. దాంతోపాటు మెట్ట సేద్యం. మా వైపు సేద్యం అంటే శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూడటం. ఒక ఏడు వాన టయానికి కురిసి కాయ బాగా పండింది. అప్పులు పోను మిగిలిన డబ్బుతో అమ్మ కమ్మలు చేయించమంది. నాయన వీణ కొన్నాడు. నాకప్పుడు పన్నెండేళ్లు. అనంతపురం పాతూరులో ఒక టీచరమ్మ దగ్గర పదేళ్లు నేర్చుకున్నాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నా, ఆ మూడేళ్లూ నా ధ్యాస పొద్దున వీణ మీదే. ఎడమచేతి రెండు వేళ్ల మీద తీగ కోసిన గీతలు నల్లగా ఉండేవి. వాటిని చూసుకుని మురిసిపోయేదాన్ని.

పెళ్లిచూపుల్లో మోహన వర్ణం వాయించాను. అత్తగారు తల ఊపింది, మామగారు "అమ్మాయి చేతిలో సరస్వతి ఉంది" అన్నారు. వీణ కూడా నాతోపాటే లారీ ఎక్కి అత్తగారింటికి వచ్చింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ నన్ను వాయించమని అడగలేదు. వద్దని కూడా అనలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. మొదటి ఏడు హాల్లో మూలన ఉండింది. పెద్దది పుట్టినాక పడగ్గదిలోకి పోయింది. ఇల్లు కట్టుకున్నప్పుడు గవుసెన తొడిగి అటక మీద పెట్టించాం. పెట్టించింది నేనే.

రెండేళ్ల కిందట చిన్నది పది పరీక్షలు రాసి ఖాళీగా ఉండి గిటార్ కావాలంది. మా అత్తమ్మ వెంటనే, "ఇంట్లో వీణ ఉండంగ గిటారెందుకుమే? అది ఇంగ్లీషోళ్ల వాయిద్యం" అంది. అంతమాటతో నాకు పట్టుదల వచ్చి అటక మీద నుంచి వీణ దింపించాను. పిల్లకు నేనే నేర్పుదామని.

గవుసెన విప్పి చూస్తే కళ్లలో నీళ్లు తిరిగాయి. మన ఊరి ఎండ మీకు తెలుసు కదా, స్లాబు కింద అటకంటే పొయ్యిమీద పెనమే. వీణ మెట్లు మైనంలో కూర్చోబెడతారు. ఆ మైనం ఎన్ని వేసవుల్లో మెత్తబడిందో, మెట్లు ఒకదాని మీదికి ఒకటి వాలి ఉన్నాయి. పనస కొయ్య కుండ మీద సన్నటి బీట. సొరబుర్ర లోపల సాలీడు గూడు. ఇరవై నాలుగు మెట్లలో ఒక్కటి కూడా తన స్వరం దగ్గర లేదు.

పిల్లకు గిటారే కొనిచ్చాం.

ఊళ్లోనే ఒక సారు దగ్గర చేరింది. నేను సినిమా పాటలు నేర్పుతాడనుకున్నాను. ఆయన పద్ధతి వేరు, పాత యూరప్ వాళ్ల పాఠాలతో మొదలుపెట్టాడు. మొదట సోర్ అనే ఆయన రాసిన చిన్న చిన్న అభ్యాసాలు. ఫెర్నాండో సోర్ 1778లో బార్సిలోనాలో పుట్టాడట. ఆ ఊరి పేరు వినగానే మా అత్తమ్మ చెవులు నిక్కబొడిచింది. అనంతపురం వాళ్లకు బార్సిలోనా అంటే ఫెర్రర్ గారి ఊరు. 1969లో ఇక్కడికొచ్చి, 2009లో పోయేదాకా ఈ కరువు నేలనే అంటిపెట్టుకున్న విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది ఆ ఊళ్లోనే. "ఫెర్రర్ సారు ఊరి పాటనా, అయితే వాయించనీలే" అంది. గిటార్‌కు మా ఇంట్లో ఆ విధంగా అనుమతి దొరికింది.

కొన్నాళ్లకు పిల్ల ఒక పాట వాయిస్తోంది, నేను వంటింట్లో పప్పు ఎనుపుతున్నాను. నిదానంగా, బరువుగా, ఎవరో పెద్దమనిషి మెట్లెక్కుతున్నట్టు ఉంది. ఎవరిదే అది అంటే లూయిస్ మిలాన్ అంది. స్పెయిన్ దేశంలో వలెన్సియా అనే ఊళ్లో ఉండేవాడు. 1536లో పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికి ఇప్పటి గిటార్ లేదు. విహ్వేలా అనే వాయిద్యం, చూడటానికి గిటార్ లాగే నడుము సన్నగా ఉంటుంది, తీగలు జంటలు జంటలుగా ఆరు వరసలు. మెట్లేమో పేగుతీగను మెడ చుట్టూ కట్టి ముడేసినవి, అటూ ఇటూ జరుపుకోవచ్చు.

1536 అనగానే నాకు లేపాక్షి గుర్తొచ్చింది. తెలుగు చదివినదాన్ని కదా, సంవత్సరం వింటే రాజెవరు అని చూడటం అలవాటు. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలం అది, 1529 నుంచి 1542. పెనుకొండ విరూపణ్ణ లేపాక్షి గుడి కట్టించిందీ ఆ రోజుల్లోనే. అచ్యుతరాయల పేరుతో ఒక వీణ కూడా ఉండేది. 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో వీణల రకాలు చెబుతూ అచ్యుతరాజ మేళ వీణ అని దాన్ని చెప్పాడు. ఇంకో తమాషా చూడండి. మిలాన్ తన పుస్తకాన్ని పోర్చుగల్ రాజుకు అంకితమిచ్చాడు. సరిగ్గా అదే రోజుల్లో నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు మన విజయనగరంలో మకాం వేసి చూసిందంతా రాసుకుంటున్నాడు. రాజు అంతఃపురంలో పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఆడవాళ్లేననీ, రాజు భార్యలకు సైతం సంగీతం బాగా వచ్చనీ రాశాడు.

ఆ ఆదివారం పిల్లను లేపాక్షికి తీసుకుపోయాను. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటోలు దిగుతుంటే మేమిద్దరం నాట్యమండపంలో రంభ చుట్టూ వాయిస్తున్న వాళ్లను చూసుకుంటూ తిరిగాం. తుంబురుడి దగ్గర పిల్ల చాలాసేపు నిలబడింది. "అమ్మా, ఈయన ఎడమచెయ్యి చూడు. వేలు పెట్టే తీరు మాదే" అంది. అది వీణ వేలు అందామనుకుని ఊరుకున్నాను.

ఇక అసలు సంగతికొస్తాను. నన్ను పట్టి కుదిపింది మిలాన్ కాదు, అతని తర్వాత వచ్చిన ఇంగ్లండు ఆయన. జాన్ డౌలాండ్. 1563లో పుట్టి 1626లో పోయాడు. అతని వాయిద్యం లూట్. సగానికి కోసిన బేరిపండు బోర్లించినట్టు వెనక గుండ్రంగా, మెడ చివర వెనక్కి విరిగినట్టు ఉంటుంది. అరబ్బుల ఊద్ నుంచి వచ్చింది, పేరు కూడా అక్కడిదే. (కాబట్టి ఇంగ్లీషోళ్ల వాయిద్యం అన్న మాటలోనూ పస తక్కువే.) డౌలాండ్ కొన్నేళ్లు డెన్మార్క్ రాజు కొలువులో చేశాడు, 1604లో కన్నీళ్ల పేరుతో ఏడు పవేన్‌లు అచ్చు వేశాడు. ఆ పాటలు గిటార్ మీద వాయించాలంటే మూడో తీగ అర స్వరం దించి, మూడో మెట్టు దగ్గర మెడకు క్లిప్పు బిగించాలని సారు చెప్పాడట. అప్పుడు గొంతు కొంచెం లూట్‌లా మారుతుంది. మా పిల్ల రాత్రి తొమ్మిదింటికి అది వాయిస్తుంటే సీరియల్ చూస్తున్న అత్తమ్మ టీవీ సౌండు తనంతట తానే తగ్గించింది.

ఈ డౌలాండ్ తన ఒంటి లూట్ పాటల్ని తనంతట ఒక పుస్తకంగా ఎప్పుడూ అచ్చు వేయలేదు. కొన్ని అతని కొడుకు 1610లో వేసిన సంకలనంలో ఉన్నాయి. చాలామటుకు చేతిరాత నోటు పుస్తకాల్లోనే మిగిలాయి. ఎవరి నోటు పుస్తకాలు? కొన్ని వృత్తి వాయిద్యగాళ్లవి. కొన్ని ఇంట్లో లూట్ నేర్చుకున్న ఆడపిల్లలవి. జేన్ పికరింగ్ అనే ఆవిడ తన పుస్తకం మీద ఇది నాదని పేరు రాసుకుని 1616 అని వేసుకుంది. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మార్గరెట్ బోర్డ్ అనే అమ్మాయిది సుమారు 1620 నాటిది, అదీ లండన్‌లోనే, రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో. ఆ మార్గరెట్ పుస్తకంలో కొన్ని చోట్ల రాత వేరుగా ఉంటుంది. అది సాక్షాత్తూ డౌలాండ్ చేతిరాత. అంటే ఆ ముసలాయన పక్కన కూర్చుని, పిల్ల పుస్తకం తన వైపు తిప్పుకుని, ఇదిగో ఇలా అని రాసిచ్చాడన్నమాట.

ఇది చదివిన రాత్రి నేను లేచి ట్రంకుపెట్టెలో నుంచి నా వీణ నోటు పుస్తకం తీశాను. నీలం అట్ట, రెండొందల పేజీలు. నా గుండ్రటి అక్షరాల మధ్యలో అక్కడక్కడా టీచరమ్మ రాత. ఎర్ర సిరాతో, వాలుగా, తొందర తొందరగా. నేను తప్పు రాసుకున్న చోట కొట్టేసి పైన రాసిచ్చినవి. ఒక పేజీలో ఆమె కాఫీ గ్లాసు మచ్చ. టీచరమ్మ పోయి పన్నెండేళ్లయింది. చివరి పేజీలో ఒక కీర్తన, చరణం సగం దాకా రాసి ఉంది. ఆ వారంలోనే నాకు నిశ్చితార్థం అయింది.

వాళ్ల పుస్తకాలకూ మన పుస్తకాలకూ ఒక తేడా ఉంది, అది నాకు చాలా నచ్చింది. మనం సరిగమలు రాసుకుంటాం, ఏ స్వరమో తెలుస్తుంది. వేలెక్కడ పెట్టాలో, ఎంత లాగాలో గురువు చూపాలి. వాళ్లు ఆ కాలంలో తీగకొక గీత చొప్పున అడ్డంగా గీసి, ఏ మెట్టు మీద వేలు పెట్టాలో దానికొక అక్షరం రాసేవాళ్లు. అంటే రాసింది స్వరం కాదు, వేలు. మా పిల్ల ఆ అక్షరాలు చూసి వేలు పెడితే, నాలుగొందల ఏళ్ల కిందట జేన్ వేలు పెట్టిన చోటే పెట్టినట్టు.

లూట్ అనే వాయిద్యం 18వ శతాబ్దం దాటేసరికి యూరప్‌లో దాదాపు మూలపడింది. మళ్లీ 20వ శతాబ్దంలో కొందరు పట్టుబట్టి లేవనెత్తారు. లేవనెత్తాలంటే పాటలు కావాలి కదా. ఆ ఆడపిల్లల నోటు పుస్తకాలు ఆ అవసరానికి అక్కరకొచ్చాయి. ఇంత పెద్దాయన సంగీతంలో కొంత భాగం పెళ్లికాని అమ్మాయిలు పాఠం కోసం రాసుకున్న కాగితాల మీద బతికింది.

మరి ఆ అమ్మాయిలు పెళ్లయ్యాక ఏం చేశారు? జేన్ గురించీ మార్గరెట్ గురించీ నేను చెప్పలేను కానీ, వాళ్ల కాలపు పెద్దమనిషి ఒకాయన, రాబర్ట్ బర్టన్, మనిషికి పట్టే విషాదం మీద 1621లో ఒక లావుపాటి పుస్తకం అచ్చు వేశాడు. అందులో ఒక చోట ఆడపిల్లల సంగతి ఎత్తాడు. కన్యలుగా ఉన్నప్పుడు అమ్మానాన్నల చేత బోలెడు ఖర్చు పెట్టించి ఆటా పాటా వాయిద్యం అంతా నేర్చుకుంటారు, పెళ్లయ్యాక వాయిద్యాన్ని ముట్టుకోరు, అక్కర్లేదనుకుంటారు అని ఆయన బాధ. చదివి నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. అక్కర్లేదనుకుంటారట! ఆ పుస్తకం రాసిన బర్టన్ గారికి పెళ్లే లేదు. ఆక్స్‌ఫర్డ్ కాలేజీలో పుస్తకాల మధ్య బతికిన మనిషి. ఉదయం ఐదింటికి లేచి, ముగ్గురికి మూడు రకాల టిఫిన్లు చేసి, కొళాయి నీళ్లు పట్టి, మధ్యాహ్నం రెండింటికి నడుం వాల్చే మనిషికి వీణ ముందు కూర్చోవాలని ఎందుకనిపించదో ఆయనకేం తెలుసు?

అయినా ఆయన చూసింది నిజమే. నాలుగొందల ఏళ్ల తేడా, ఐదువేల మైళ్ల దూరం, రెండు చోట్లా ఒకటే తంతు. దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను, మీకు నచ్చకపోతే కాదనండి.

మాకు దాన్ని నేర్పించింది వాయించడానికి కాదు, వచ్చు అని చెప్పుకోవడానికి. ముక్కుపుడక లాగ, పదో తరగతి మార్కుల లాగ. పెళ్లి కుదిరిన రోజున దాని పని అయిపోయింది. పని అయిపోయిన వస్తువు అటకెక్కక ఎక్కడికి పోతుంది?

ఇలా కాకుండా, అన్నం పెట్టే విద్యగా నేర్చుకున్న ఆడవాళ్లు ఎన్నడూ వదల్లేదు. ఫ్లోరెన్స్‌లో ఫ్రాన్చెస్కా కాచ్చీని అని ఒకావిడ, 1587లో పుట్టింది. తండ్రి సంగీత విద్వాంసుడు. పాడేది, లూటూ గిటారూ రెండూ వాయించేది, మెడిచీ ప్రభువుల కొలువులో జీతానికి చేసేది. పెళ్లయింది, అయినా 1618లో పాటల పుస్తకం అచ్చు వేసింది, తర్వాత బిడ్డ పుట్టింది, అయినా 1625లో ఒక పెద్ద సంగీత నాటకమే కట్టింది. అదే కాలంలో మన తంజావూరు రఘునాథనాయకుడి కొలువులో మధురవాణి. వీణలో ఆరితేరిన మనిషి, రాజు తెలుగులో రాసిన రామాయణాన్ని సంస్కృతంలో కావ్యంగా రాసిన మనిషి. బి.ఏ.లో ఆమె పేరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు మాకు. ఆ వాక్యంలో వీణ మాట లేదు. ఇంకా దగ్గరికొస్తే మద్రాసులో వీణ ధనమ్మాళ్, 1867 నుంచి 1938. శుక్రవారం సాయంత్రం ఆమె ఇంట్లో వీణ వినడానికి పెద్దపెద్ద విద్వాంసులు పోయి గుట్టు చప్పుడు కాకుండా కూర్చునేవాళ్లట. మన క్షేత్రయ్య పదాలు ఈనాడు కచేరీల్లో వినపడుతున్నాయంటే ఆ ఇంటి ఆడవాళ్లకు, తల్లి నుంచి బిడ్డకు గొంతులో గొంతుగా నిలుపుకున్నందుకు, మనం రుణపడి ఉండాలి. తెలుగు పదాలు, తమిళదేశంలో.

ఇందులో ఒక ఎత్తిపొడుపు ఉంది, దాటెయ్యలేను. సంగీతాన్ని బతుకంతా మోసిన ఆ ఇళ్ల ఆడవాళ్లను లోకం తక్కువగా చూసింది. వాళ్ల దగ్గర పుట్టిన విద్యనే సంసారపక్షంగా కడిగి మాకు నేర్పి, పెళ్లిచూపుల్లో పళ్లెంలో పెట్టి చూపించి, తర్వాత మూలన పెట్టింది. ఇద్దరికీ అన్యాయమే. వాళ్లకు మర్యాద దొరకలేదు, మాకు వాయిద్యం దక్కలేదు.

నాకు తెలుసు, మీలో కొందరు అనుకుంటారు. "ఎవరాపారు తల్లీ నిన్ను? నీకే పట్టుదల లేదు, ఊరికే పెళ్లిని ఆడిపోసుకుంటే ఎలా?" అని. నిజం చెప్పాలంటే ఈ మాట మా ఆయన కూడా అన్నారు, ఇంత గట్టిగా కాకపోయినా. నేను జవాబు చెప్పలేకపోయాను. వీణకు అరగంట చాలదు. శ్రుతి చేసుకోవడానికే పావుగంట పడుతుంది. చేతికి కొబ్బరినూనె రాసుకుని కింద కూర్చున్నాక గ్యాస్ అబ్బాయి తలుపు కొడితే లేవడానికి ఉండదు. ఇవన్నీ సాకులే, ఒప్పుకుంటాను. టీవీకి దొరికిన గంట వీణకు దొరకలేదంటే తప్పు నాది కాదా? ఉంది. కానీ ఒక్కటి. ఇరవై నాలుగేళ్లలో ఎవరైనా ఒక్క పండగనాడు "ఆ మోహన వర్ణం వాయించు, వినాలని ఉంది" అని ఉంటే అది అటకెక్కేది కాదు. కూర బాగుందని ఒక మాట అంటే మర్నాడు అదే కూర ఇంకా బాగా చేస్తాం కదా మనం.

అందుకే నేనిప్పుడు మొండికేసి చెబుతున్నాను. ఆడపిల్ల బయోడేటాలో సంగీతం వచ్చు, నాట్యం వచ్చు అని రాయడం మానండి. మా పెద్దదానికి సంబంధాలు చూస్తున్నాం, దానికి వచ్చిన కూచిపూడి నేను కాగితం మీద రాయనివ్వలేదు. అది చెప్పుకోవాలనుకుంటే ఆ అబ్బాయికి అదే చెప్పుకుంటుంది. ఇంటికి కోడలొస్తే, ఏం వచ్చు అని పెళ్లికి ముందు అడగడం కంటే, వచ్చిన ఆర్నెల్లకు ఒకసారి వినిపించమ్మా అని అడగండి. గ్రేడు పరీక్షలు అంటున్నారు ఇప్పుడు, గిటార్‌కు కూడా లండన్ వాళ్ల సర్టిఫికెట్లు. రాయిస్తే రాయించండి, నాకు దాని మీద పెద్ద గౌరవమూ లేదు, పగా లేదు. ఎనిమిది గ్రేడులూ అయ్యాక గిటార్ మంచం కిందికి పోతే మాత్రం అది మన మోహన వర్ణం కథే, అట్ట మారిందంతే.

ఇంకొకటి. నోటు పుస్తకాలు. దయచేసి పారెయ్యకండి. మా అమ్మకు ఒక లావుపాటి పుస్తకం ఉండేది. మంగళహారతులు, పెళ్లిపాటలు, తలుపు దగ్గర పాటలు, గౌరీదేవి నోము పాటలు, కొన్ని తెలుగులో, కొన్ని కన్నడ మాటలు తెలుగు లిపిలో. మడకశిర వైపు వాళ్లమ్మ నుంచి వచ్చినవి. అమ్మ పోయిన ఏడాదికి ఇల్లు ఖాళీ చేస్తూ పాత పేపర్ల వాడికి కిలోల లెక్కన వేసేశాం. వేసింది ఎవరో కాదు, నేనూ మా వదినా. పాత కాగితాలు కదా అనుకున్నాం. జేన్ ఇంట్లో వాళ్లు కూడా అలాగే అనుకుని ఉంటే ఈ రోజు మా పిల్ల వాయించే పాటల్లో కొన్ని ఉండేవి కావు. అమ్మ పుస్తకంలోవి ఇంకెక్కడైనా ఉన్నాయో లేవో.

గిటార్ మనది కాదు కదా అనే వాళ్లకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఫిడేలు మాత్రం మనదా? రెండొందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరప్ ఆయన దగ్గర నేర్చుకుంటే మన కచేరీలోకి వచ్చింది. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు గారి చేతిలో దానికి తెలుగు ప్రాణం వచ్చింది. లూట్ జాతిదే అయిన మాండొలిన్ తీసుకుని పాలకొల్లు పిల్లాడు శ్రీనివాస్ త్యాగరాజ కీర్తనలు పలికించలేదా? వాయిద్యం ఎవరి చేతిలో రోజూ ఉంటే వాళ్లది. అటక మీద ఉన్నప్పుడు వీణ కూడా నాది కాదు.

పిల్లకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది, వచ్చే నెల హాస్టల్‌కు పోతుంది. గిటార్ తీసుకుపోతానంటోంది. తీసుకుపొమ్మన్నాను. డబుల్ కాట్ గదిలో ముగ్గురుంటారట, ఎక్కడ పెట్టుకుంటుందో మరి.

వీణను బెంగళూరులో మెట్లు కట్టే ఆయన దగ్గరికి పంపించాం. కుండ బీటకు అతుకు వెయ్యాలి, మైనం మొత్తం తీసి కొత్తగా వేసి మెట్లు కూర్చోబెట్టాలి, దసరా దాకా పడుతుందన్నాడు. చెప్పిన రేటు వినగానే మా ఆయన ఫోను నా చేతికిచ్చారు. "కమ్మల డబ్బులున్నాయిగా, ఇచ్చెయ్" అంది అత్తమ్మ పక్క నుంచి. అమ్మ కమ్మల కథ ఆమెకు ఎప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు.

నిన్న సాయంత్రం పిల్ల మిలాన్ పాట వాయిస్తుంటే నేను పక్కన కూర్చుని, వేళ్లు ఊరికే మోకాలి మీద ఆడిస్తున్నాను. అత్తమ్మ చూసి, "అదేందిమే, మోకాలు మీద వాయిస్తాండావు?" అంది. మోహన వర్ణం అన్నాను. "పెళ్లిచూపుల్లో వాయించిందే కదా, అది నాకు శానా నచ్చినాది" అంది.

ఇరవై నాలుగేళ్లయింది. అప్పుడే చెప్పొచ్చు కదా అత్తమ్మా అన్నాను. "నువ్వు బిజీగా ఉంటివి గదా" అంది.